సింగపూర్–న్యూయార్క్: దూరాన్ని 900తో భాగిస్తే ప్రయాణ సమయం ఎందుకు రాదు?

మీరు అడిగినది ఇదీ: సింగపూర్ నుంచి న్యూయార్క్ దూరం ఒకచోట 15,340, ఇంకోచోట 15,349, మరోచోట 9,537 అనీ 8,288 అనీ కనిపిస్తోంది. ఫ్లైట్ ట్రాకర్‌లో చూస్తే విమానం 16 వేల కిలోమీటర్లకు పైగా తిరిగినట్టుంది. 15,349ని గంటకు 900 చొప్పున భాగిస్తే 17 గంటలే వస్తోంది, టికెట్ మీద మాత్రం 18న్నర గంటలు దాటి ఉంది. పైగా వెళ్లేటప్పుడు బయల్దేరిన రోజే దిగుతున్నారు, వచ్చేటప్పుడు రెండు తేదీలు మారుతున్నాయి. ఇందులో ఏది నిజం?

అన్నీ నిజమే. చాంగీ విమానాశ్రయం నుంచి జాన్ ఎఫ్. కెనడీ విమానాశ్రయానికి భూమి మీద అతి దగ్గరి దారి 15,349 కిలోమీటర్లు. విమానం ఎగిరే దూరం దాదాపు ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే. నాన్‌స్టాప్ అయితే గేటు నుంచి గేటుకు 18, 19 గంటల మధ్య పడుతుంది. ఒకచోట ఆగి వెళ్తే అక్కడ ఎంతసేపు ఆగుతారన్నదాన్ని బట్టి 22 నుంచి 30 గంటలు. దూరం నుంచి ప్రయాణ సమయం లెక్కకట్టి దాని మీద ప్లాన్ వేసుకోకండి. సమయాన్ని షెడ్యూల్ నుంచే తీసుకోండి. దూరం లెక్క ఆ షెడ్యూల్ సబబుగా ఉందో లేదో సరిచూసుకోవడానికి మాత్రమే.

ముందు అంకెల సంగతి. 15,349 కిలోమీటర్లు, 9,537 మైళ్లు, 8,288 నాటికల్ మైళ్లు మూడూ ఒకే దూరం. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు సరిగ్గా 1.852 కి.మీ. విమానయానంలో వాడేది నాటికల్ మైలే. అక్షాంశంలో ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం దాదాపు ఒక నాటికల్ మైలు వస్తుంది, మ్యాపు మీద కొలవడానికి అది అనుకూలం. ఏ వెబ్‌సైటులోనైనా పక్కన యూనిట్ రాయకుండా ఉత్త అంకె ఇస్తే దాన్ని నమ్మి ముందుకు వెళ్లవద్దు. నాటికల్ మైళ్లను మామూలు మైళ్లనుకుంటే 13 శాతం తప్పు వస్తుంది, ఈ దూరానికి అది రెండు వేల కిలోమీటర్లు.

15,340కీ 15,349కీ మధ్య ఆ 9 కిలోమీటర్ల తేడా భూమి ఆకారం వల్ల వచ్చింది. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్థం ఉన్న గుండ్రటి బంతి అనుకుంటే 15,340 వస్తుంది. నిజానికి భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది: భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357. ఆ ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటే 15,349 వస్తుంది. లండన్–న్యూయార్క్‌కి కూడా ఇలాగే బంతి లెక్కలో 5,540, అసలు ఆకారం లెక్కలో 5,555 దగ్గర వస్తాయి. ఈ తేడా ఎప్పుడూ అర శాతం లోపే ఉంటుంది. ప్రయాణికుడికి ఇది ఒక నిమిషం లెక్క, దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. కొందరు ఇంకో సందేహం అడుగుతారు: విమానం 11 కి.మీ. ఎత్తులో ఎగురుతుంది కదా, పైన దూరం పెరగదా అని. పెరుగుతుంది, కానీ 11ని 6,371తో భాగిస్తే 0.17 శాతమే. మొత్తం దారికి 26 కిలోమీటర్లు.

ఇంతకన్నా పెద్ద తేడా తెచ్చేది మొదలూ చివరా ఏ బిందువులు తీసుకున్నారన్నది. చాలా సైట్లు నగరం నడిబొడ్డు నుంచి కొలుస్తాయి, విమానయాన సైట్లు విమానాశ్రయం నుంచి కొలుస్తాయి. న్యూయార్క్‌కి కెనడీ, నెవార్క్, లాగ్వార్డియా ఉన్నాయి. లండన్‌కి హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్ ఇంకా కొన్ని ఉన్నాయి. టోక్యోలో నరితా విమానాశ్రయం ఊరి మధ్య నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం, హనెడా ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. ఆకాశంలో ఈ తేడా నాలుగు నిమిషాలే, దిగాక నేల మీద మాత్రం గంటన్నర కావచ్చు.

మీరే లెక్కవేసుకోవాలంటే రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు చాలు. అక్షాంశాలను అ1, అ2 అనీ రేఖాంశాలను రే1, రే2 అనీ అనుకోండి:

కొసైన్ (కోణం) = సైన్ అ1 × సైన్ అ2 + కొసైన్ అ1 × కొసైన్ అ2 × కొసైన్ (రే2 − రే1)

వచ్చిన కోణాన్ని రేడియన్లలోకి మార్చి 6,371తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. చాంగీ 1.3592 ఉత్తరం, 103.989 తూర్పు. కెనడీ 40.6398 ఉత్తరం, 73.7789 పడమర. దక్షిణ అక్షాంశాలకూ పడమటి రేఖాంశాలకూ మైనస్ గుర్తు పెట్టాలి, కాబట్టి కెనడీ రేఖాంశం మైనస్ 73.7789. రెండు రేఖాంశాల మధ్య తేడా 177.768 డిగ్రీలు. కుడివైపు మొత్తం మైనస్ 0.7426 వస్తుంది, దానికి కోణం 137.95 డిగ్రీలు, అంటే 2.4077 రేడియన్లు. గుణిస్తే 15,340.

ఇందులో జనం చేసే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. మైనస్ మరిచిపోతే రేఖాంశాల తేడా 177కి బదులు 30 డిగ్రీలే వచ్చి, న్యూయార్క్ కాస్తా మధ్య ఆసియాలోని కిర్గిజ్‌స్థాన్‌లోకి వచ్చేస్తుంది. స్ప్రెడ్‌షీట్లు కోణాన్ని రేడియన్లలో అడుగుతాయి, డిగ్రీలు నేరుగా ఇస్తే అర్థంలేని అంకె వస్తుంది. మూడోది కనిపెట్టడం కష్టం: 40 డిగ్రీల 38 నిమిషాలను 40.38 అని రాసేయడం. 38ని 60తో భాగించాలి, అది 40.633. ఈ ఒక్క పొరపాటుతో విమానాశ్రయం 28 కిలోమీటర్లు జరిగిపోతుంది. జవాబు చూడ్డానికి సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

ఇప్పుడు మ్యాపు. గోడ మీది ప్రపంచ పటంలో రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది దగ్గరి దారి కాదు. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతం సాగిపోతుంది. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, దారం ఎటు పోతే అదే దగ్గరి దారి. దాన్నే మహావృత్త మార్గం అంటారు. తేడా ఎంతో ఒక లెక్కలో చూడండి: 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద 90 డిగ్రీల రేఖాంశం ఎడంగా రెండు చోట్లున్నాయనుకోండి. పటం మీద నేరుగా తూర్పుకి పోతే 6,433 కి.మీ., ఉత్తరానికి వంగి మహావృత్తం మీద పోతే 6,012. వంకరగా కనిపించే దారే 420 కిలోమీటర్లు తక్కువ. సింగపూర్–న్యూయార్క్ దారైతే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. రేఖాంశాల తేడా దాదాపు 180 కాబట్టి, అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి 280 కిలోమీటర్ల దూరం నుంచి పోతుంది.

మరి విమానాలు రోజూ ఆ దారినే ఎందుకు పోవు? ఇక్కడే అసలు విషయం ఉంది. విమానం తక్కువ కిలోమీటర్ల దారిని వెతకదు. తక్కువ సమయం, తక్కువ ఇంధనం పట్టే దారిని వెతుకుతుంది. ఆ రెండూ వేరు కావడానికి పెద్ద కారణం గాలి.

మధ్య అక్షాంశాల మీద 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహం ఉంటుంది. గంటకు 150–200 కి.మీ. వేగం మామూలే, చలికాలంలో అంతకన్నా బాగా పెరుగుతుంది. ఏటిలో పడవలాగే, విమానం తన చుట్టూ ఉన్న గాలితో పోల్చి గంటకు 900 కి.మీ. పోతుంది, ఆ గాలి మొత్తం కదులుతుంటే నేల మీది వేగం దాన్ని బట్టి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఒక దారి 15,500 కి.మీ., సగటున 30 కి.మీ. ఎదురుగాలి అనుకోండి: 870తో భాగిస్తే 17 గంటల 49 నిమిషాలు. ఇంకో దారి 16,500 కి.మీ., కానీ సగటున 50 కి.మీ. వెనకగాలి: 950తో భాగిస్తే 17 గంటల 22 నిమిషాలు. వెయ్యి కిలోమీటర్లు చుట్టు తిరిగి 27 నిమిషాలు ముందు దిగుతున్నారు. ఇలాంటి పెద్ద విమానం గంటకి ఐదారు టన్నుల ఇంధనం తాగుతుంది, అందుకే ప్రతి ఫ్లైటుకీ ఆనాటి గాలి సూచనలు చూసి దారి కొత్తగా వేస్తారు. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానం ఎక్కువ రోజులు జపాన్ వైపుగా పసిఫిక్ మీదుగా తూర్పుకే పోవడానికీ, తిరుగు విమానం కూడా చాలా రోజులు అట్లాంటిక్ దాటి తూర్పు దిక్కుగానే రావడానికీ కారణం ఇదే. రెండు వైపులా వెనకగాలి వెతుక్కోగలగడం భూమికి ఇంచుమించు ఎదురుబదురుగా ఉన్న ఊళ్లకే దొరికే వెసులుబాటు.

మిగతా ఊళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. లండన్–న్యూయార్క్‌లో పడమరకు వెళ్లేటప్పుడు ఎదురుగాలి తప్పదు. 5,700 కి.మీ. దారి, 100 కి.మీ. గాలి అనుకుంటే పడమరకు 7 గంటల 8 నిమిషాలు, తూర్పుకు 5 గంటల 42 నిమిషాలు. రెండూ కలిపితే 12 గంటల 50 నిమిషాలు. గాలే లేకపోతే 12 గంటల 40 నిమిషాలు సరిపోయేది. పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు పూర్తిగా రాదన్నమాట, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటారు, వెనకగాలిలో తక్కువసేపు ఉంటారు. గాలి ఎంత చేయగలదో చెప్పాలంటే, 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల మధ్య బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీది వేగం ఒక దశలో 1,300 కి.మీ. దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు, చుట్టూ ఉన్న గాలితో పోల్చితే దాని వేగం ఎప్పటిలాగే ఉంది. భూమి తిరుగుతోంది కాబట్టి ఒక వైపు త్వరగా చేరుతాం అనే మాట కూడా తరచూ వినబడుతుంది. అది తప్పు. వాతావరణం భూమితో పాటే తిరుగుతుంది, విమానం ఆ వాతావరణంలోనే ఉంటుంది.

గాలి కాకుండా దారిని వంచేవి ఇంకా ఉన్నాయి. రెండు ఇంజిన్ల విమానం దారిలో ఏ క్షణాన ఉన్నా, ఒక ఇంజిన్ ఆగిపోతే రెండోదానితో నిర్ణీత నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలగాలి. దీన్ని ఈటాప్స్ అంటారు. ఒకప్పుడు 60 నిమిషాలే ఉండేది, 1985లో 120, 1988లో 180 అయింది. బోయింగ్ 787కి 330 నిమిషాల దాకా, ఎయిర్‌బస్ ఎ350కి 370 దాకా అనుమతి ఉంది. మహాసముద్రాల మీద దారులు ఒకప్పటికంటే తిన్నగా మారడానికి ఇది ముఖ్య కారణం. ధ్రువాల వైపు పోయే దారుల్లో చలి ఇంకో సమస్య. జెట్ ఎ-1 ఇంధనం గడ్డకట్టే హద్దు మైనస్ 47 డిగ్రీలు, జెట్ ఎ రకానికి మైనస్ 40. ట్యాంకులో ఇంధనం ఆ హద్దుకు దగ్గరవుతుంటే పైలట్లు కిందికి దిగుతారు, లేదా వేగం పెంచుతారు.

ఇక మూసిన గగనతలాలు. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా మీదుగా వెళ్లలేని యూరప్ విమానాలకు హెల్సింకి–టోక్యో దాదాపు తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటలకు పెరిగింది. రెండు ఊళ్ల మధ్య దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. పాత వెబ్‌పేజీల్లో ఉన్న ప్రయాణ సమయాలను నమ్మవద్దనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

సమయం లెక్కకి వద్దాం. దూరప్రయాణాల విమానాలు ధ్వని వేగంలో 0.84, 0.85 వంతు వేగంతో పోతాయి. ఆ ఎత్తులో ఉష్ణోగ్రత మైనస్ 56 డిగ్రీల దగ్గర ఉంటుంది, అక్కడ ధ్వని వేగం గంటకు సుమారు 1,062 కి.మీ. అందులో 0.85 వంతు అంటే 900. ఆ అంకె అక్కడి నుంచి వచ్చింది. అయితే అది ఎత్తుకు చేరాక ఉండే వేగం. పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ వేగం తక్కువ. పైగా టికెట్ మీద రాసేది ఆకాశంలో ఉన్న సమయం కాదు, బ్లాక్ టైమ్. విమానం గేటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగే దాకా. రన్‌వే వరకు పోవడం, వరసలో నిలబడటం, దిగాక మళ్లీ గేటుకు రావడం అన్నీ అందులోనే. దానికి తోడు ఆలస్యాలు సర్దుకోవడానికి విమాన సంస్థలు కొన్ని నిమిషాలు కలుపుకుంటాయి.

ఉజ్జాయింపుగా ఇలా వేయండి: దూరానికి 5 శాతం కలపండి, 900తో భాగించండి, 40 నిమిషాలు చేర్చండి. 15,349కి 5 శాతం కలిపితే 16,116, భాగిస్తే 17 గంటల 54 నిమిషాలు, 40 చేరిస్తే 18 గంటల 34 నిమిషాలు. మీ టికెట్ మీది అంకె దీనికి దగ్గరే. ఉత్తరార్ధగోళంలో తూర్పు–పడమర ప్రయాణమైతే తూర్పుకి అరగంట దాకా తీసేయండి, పడమరకి అరగంట కలపండి. చలికాలమైతే ఇంకాస్త. ఉత్తర–దక్షిణ ప్రయాణాల్లో రెండు వైపులా తేడా తక్కువే. ఈ లెక్కకీ షెడ్యూలుకీ గంటన్నర మించి తేడా వస్తే మధ్యలో ఎక్కడో ఆగుతోందనో, ఏదో గగనతలాన్ని చుట్టి పోతోందనో అర్థం.

తేదీల గందరగోళానికి ఒక్కటే మందు: రెండు సమయాలనూ యూటీసీలోకి (ప్రపంచమంతా ఉమ్మడిగా వాడే ప్రామాణిక సమయంలోకి) మార్చి, ఆపైన తీసివేయండి. సింగపూర్ ఎప్పుడూ యూటీసీ కంటే 8 గంటలు ముందు. న్యూయార్క్ చలికాలంలో 5 గంటలు వెనక, వేసవిలో 4. జనవరి 10 మధ్యాహ్నం 12:30కి సింగపూర్‌లో బయల్దేరారనుకోండి, యూటీసీలో అది 04:30. న్యూయార్క్‌లో అదే తేదీ సాయంత్రం 6:00కి దిగారు, యూటీసీలో 23:00. తేడా 18 గంటల 30 నిమిషాలు. గడియారం మాత్రం ఐదున్నర గంటలే జరిగినట్టు చూపిస్తుంది. తిరిగి జనవరి 12 రాత్రి 10:30కి బయల్దేరితే యూటీసీలో 13వ తేదీ 03:30. సింగపూర్‌లో 14వ తేదీ ఉదయం 6:20కి దిగితే యూటీసీలో 13వ తేదీ 22:20. ప్రయాణం 18 గంటల 50 నిమిషాలే అయినా తేదీ రెండు మారింది. టికెట్లలో సమయం పక్కన కనిపించే ప్లస్ 1, ప్లస్ 2 గుర్తులు ఈ తేదీ మార్పులే. చాలామంది హోటల్ ఒకరోజు ముందుకో వెనక్కో బుక్ చేసి నష్టపోయేది ఆ చిన్న గుర్తు చూడకనే.

వేసవి సమయం మారే వారాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా గడియారం ఒక గంట ముందు ఉంటుంది. అందుకే లండన్–న్యూయార్క్ తేడా ఏడాదంతా 5 గంటలైనా, మార్చిలో కొన్ని వారాలూ అక్టోబరు చివర ఒక వారమూ 4 గంటలే. సిడ్నీలో వేసవి మనకి చలికాలంలో వస్తుంది కాబట్టి లండన్–సిడ్నీ తేడా ఏడాదిలో 9, 10, 11 గంటలు మూడూ అవుతుంది.

నాన్‌స్టాప్ అన్ని ఊళ్లకూ ఎందుకు లేదన్నదానికి ఇంధనమే కారణం. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఈ దారి కోసం తీసుకున్న ఎ350-900 యూఎల్‌ఆర్ (అతి దూర ప్రయాణాల రకం) విమానం 1,65,000 లీటర్ల ఇంధనం మోయగలదు, అందులో సీట్లు 161 మాత్రమే. ఆ ఇంధనంలో కొంత భాగం మిగతా ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. ఒకచోట ఆగి వెళ్లే ప్రయాణంలో ఆ బాధ ఉండదు, టికెట్ కూడా తరచూ చవకే. ఆగే ఊరు దారికి ఎంత పక్కకు ఉందో చూడండి. లండన్–సిడ్నీ నేరుగా దాదాపు 17,020 కి.మీ. సింగపూర్‌లో ఆగితే 10,880, 6,295 కలిపి 17,175, పెరిగింది ఒక్క శాతం లోపే. దుబాయ్‌లో ఆగితే ఐదు వందల కిలోమీటర్లు పెరుగుతుంది, అంటే 35 నిమిషాలు. అదనంగా దిగి ఎక్కడానికి ఇంకో అరగంట. కాబట్టి చుట్టుదారి వల్ల పోయేది గంట, లేఓవర్ (మధ్య ఊళ్లో తర్వాతి ఫ్లైటు కోసం ఆగడం) వల్ల పోయేది రెండు నుంచి పది గంటలు. ఫ్లైట్లు పోల్చేటప్పుడు దూరం కాదు, లేఓవర్ నిడివి చూడండి.

అయితే మరీ తక్కువ లేఓవర్ కూడా మంచిది కాదు. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉంటే విమానాశ్రయం నిర్ణయించిన కనీస సమయం కంటే తక్కువకి అమ్మరు, మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లదే. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ రక్షణ ఉండదు. సామాను తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, మళ్లీ చెకిన్ చేయాలి. అలాంటప్పుడు నాలుగైదు గంటలు తప్పనిసరిగా పెట్టుకోండి. అమెరికాలో అయితే ఒకే టికెట్ అయినా మామూలుగా మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ పూర్తిచేసి, సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. లోపలి ఊరికి కనెక్షన్ ఉంటే మూడు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు.

చివరిగా, మీరు బుక్ చేయబోయే ఫ్లైట్ నంబరును ఫ్లైట్‌రాడార్24లోనో ఫ్లైట్‌అవేర్‌లోనో వెతికి గత వారం పది రోజులు నిజంగా ఎప్పుడు గేటు చేరిందో చూడండి. ఒక్క రోజు చూసి నిర్ణయించకండి, గాలి రోజూ మారుతుంది. చలికాలంలో వెళ్తుంటే వేసవి అంకెలు పనికిరావు. షెడ్యూళ్లు కూడా మార్చి చివర, అక్టోబరు చివర మారతాయి. ఆ చూసిన వాటిలో అన్నిటికన్నా ఆలస్యంగా చేరిన రోజు సమయానికి, ఇమిగ్రేషన్‌కీ సామానుకీ గంటన్నర, ఊళ్లోకి చేరడానికి ఇంకో గంట కలిపి, అవతల మీ కోసం ఎదురుచూసేవాళ్లకు ఆ సమయమే చెప్పండి.